పిల్ల డోసు

జనవరి 12

కొత్త ఎలుకలు నలభై వచ్చాయి. అన్నీ తెల్లవి, అన్నీ మగవి, అన్నీ ఒకే ఈడువి. వాటికి అంకెలే గానీ పేర్లుండవు. పేరు పెట్టామంటే చివర్లో మనకే కష్టం.

పని పాతదే. నిద్రమాత్రని బాగా తక్కువ మోతాదులో రోజూ వేస్తే ఒళ్ళు అదుపు తప్పుతుందా, తప్పదా? ఆ తక్కువ మోతాదుని మా ల్యాబులో అందరూ పిల్ల డోసు అంటారు. ఎలుకని వెల్లకిలా పడుకోబెట్టి వదిలేస్తాం. అది గబుక్కున తిరిగి నాలుగు కాళ్ళ మీద నిలబడాలి. ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీతో కొలిచేది నేను. ఒంట్లో మందు లేని ఎలుకకి సెకను కూడా పట్టదు.

దీన్ని కొలిచే యంత్రం ఒకటి ఉంది. చెడిపోయి ఏడాదైంది. బాగుచేయించమని నేను రాసిన ఉత్తరం డైరెక్టరు గారి బల్ల మీదే ఉంది. ఆయన దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుంటారు. పోనీలే, పద్దెనిమిదేళ్ళుగా ఈ బొటనవేలుతోనే కొలుస్తున్నాను. ఇంతవరకూ నా వేలిని ఎవరూ అనుమానించలేదు.

జనవరి 15

అత్తయ్య కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోయి అరవై రోజులు. ఆఫీసులో పనిచేసే ఒకావిడతో ఉంటున్నాడు. వెళ్ళేటప్పుడు తల్లిని కూడా రమ్మన్నాడు. "నా కుర్చీ ఇక్కడుంది, నేనెక్కడికీ రాను" అంది అత్తయ్య. అలా మొగుడు పోయి అత్తగారు మిగిలింది నాకు. ఈ సంగతి ఎవరికైనా చెబితే నవ్వాలో జాలిపడాలో తెలీక దగ్గుతున్నారు.

దాని గురించి మేమిద్దరం ఇంతవరకు ఒక్క మాట అనుకోలేదు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. డెబ్భై ఒకటి. పది కాగానే గది తలుపేసుకుంటుంది, ఇక చప్పుడుండదు. నాకు మాత్రం రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు.

జనవరి 17

మా సంస్థ డాక్టరు గారు నిద్రకి మాత్ర రాశారు. పది రోజులకే. మనసులో ఉన్నది ఎక్కడైనా రాసుకోమని కూడా చెప్పారు. రాయడం మొన్ననే మొదలుపెట్టానని చెప్పలేదు. ఆయన సలహా వల్లే అనుకుని సంతోషిస్తారని ఊరుకున్నాను.

చీటీ విప్పి మందు పేరు చూస్తే నవ్వొచ్చింది. మా మందే. మోతాదు కూడా చిన్నదే.

ఎలుకలకి మందు లేకుండా కొలిచే వారం ఇవాళ్టితో అయిపోయింది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

జనవరి 20

ఏడు గంటలు నిద్రపోయాను. అమ్మయ్య! అద్దంలో నా మొహం నాకే కొత్తగా ఉంది.

జనవరి 29

ఇవాళ బాబాయి మీద అరిచాను.

మా ఎలుకల గదిని ముప్ఫై ఏళ్ళుగా చూసుకుంటున్న పెద్దాయన్ని డైరెక్టరు గారి దగ్గర్నుంచి అందరూ బాబాయి అనే పిలుస్తారు. ఇప్పుడు ఇరవై ఎలుకలకి మందు, ఇరవైకి ఉత్త ఉప్పునీళ్ళు వేస్తున్నాం. ఏ సీసాలో ఏముందో మందుల గదిలో మాత్రమే తెలుసు. వేసే బాబాయికి తెలియదు, కొలిచే నాకు తెలియదు. తెలిస్తే చెయ్యి మనకి తెలీకుండానే ఒకవైపు మొగ్గుతుంది. దీన్ని గుడ్డి పద్ధతి అంటాం.

ఈయన పొద్దున్నే పదిహేడో నంబరుని నా చేతిలో పెడుతూ, "ఇది మందు గుంపేనమ్మా" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? తోక చూడండి, తడిగుడ్డలా ఎలా వాలేసిందో. మందు లేనిదైతే చివర కొంచెం ఎత్తి పెడుతుంది."

"బాబాయ్, అది గుడ్డి పద్ధతి! నువ్వు చెప్పకూడదు, నేను వినకూడదు."

"మరి నాకు కళ్ళున్నాయి కదమ్మా, నన్నేం చెయ్యమంటారు?"

రేపట్నుంచి కొలిచేటప్పుడు గదిలోకి రావద్దన్నాను. చిన్నబుచ్చుకున్నాడు. శాస్త్రమంటే మొహమాటాలు కుదరవు. పదిహేడో నంబరుని లెక్కలోంచి తీసేయాల్సొచ్చింది. ఇంకో ఎలుకని తెచ్చి దాని చోట పెట్టారు.

పది రోజుల మాత్రలూ మొన్ననే అయిపోయాయి. మా వీధి చివర డాక్టరు దగ్గరికెళ్ళి ఇంకో పది రాయించుకున్నాను. నిద్ర కోసం కాదు. పని మధ్యలో ఉండగా ఉన్నట్టుండి ఏదీ మార్చకూడదు, అందుకని.

ఫిబ్రవరి 2

వచ్చే సోమవారం నుంచి మానేస్తాను.

ఫిబ్రవరి 9

సోమవారం. వారం మొదట్లో మానడం తెలివైన పని కాదు. శుక్రవారమైతే మంచిది. అందాకా ఉండాలని వీధి చివర డాక్టరు దగ్గర ఇంకో నెలకి రాయించుకున్నాను.

ఫిబ్రవరి 12

పాలగిన్నె పొయ్యి మీద పెట్టి పక్కనే నిలబడి ఉన్నాను. కళ్ళెదుటే పొంగింది. పొంగుతోందని తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం తీరిగ్గా వెళ్ళింది. "ఏంటమ్మాయ్, పాలకి కాపలా కాస్తున్నావా?" అంది అత్తయ్య. పరధ్యానం అన్నాను. పరధ్యానమే.

ఎలుకలు కూడా మెల్లబడుతున్నాయి. సగానికి మందు పడుతోంది, మెల్లబడక ఏమవుతాయి!

ఫిబ్రవరి 18

అత్తయ్య నా నెత్తిన బాంబు వేసింది.

మా పని రెండో అంచెలో అరవై ఐదు దాటిన మనుషులకి అదే పిల్ల డోసు మూడు నెలలపాటు ఇచ్చి చూస్తారు. ఎలుకల దగ్గర ప్రమాదం లేదని తేలితేనే. ఆరోగ్యంగా ఉన్న అరవై మంది కావాలని ప్రకటన వేశారు. అత్తయ్య నాకు చెప్పకుండా మా సంస్థకి ఆటోలో వచ్చి, పేరు రాయించి, ఆరు చోట్ల సంతకం పెట్టి, రక్తం ఇచ్చి, మళ్ళీ ఆటోలో ఇంటికొచ్చింది. మోచేతి దగ్గర దూది అంటించుకుని కుర్చీలో కూర్చునుంది.

"ఎందుకత్తయ్యా మీకివన్నీ?"

"మా కోడలు కనిపెట్టిన మందు, నేను వేసుకోకపోతే ఎవరు వేసుకుంటారు?"

"నేను కనిపెట్టలేదండీ. అది పాత మందే. ఎలుకల్ని తిప్పుతానంతే."

"అదేలే, అదే" అంది.

పార్కులో తనతో నడిచే ఆవిడకి కూడా చెప్పిందట. ఆవిడా రాయించుకుంటుందట. వద్దని గట్టిగా అనబోయాను. ఎందుకు వద్దో అడిగితే ఏం చెప్పాలి? పిల్ల డోసే కదా. ఏమీ కాదు. నాకేమైనా అయిందా?

ఫిబ్రవరి 20

శుక్రవారం. వర్షం.

ఫిబ్రవరి 28

మందుల గది నుంచి కాగితం వచ్చింది. ఏ ఎలుకకి మందు, దేనికి ఉప్పునీళ్ళు, అన్నీ తెలిశాయి. లెక్క వేశాను. రెండు గుంపులకీ తేడా లేదు. మళ్ళీ వేశాను. లేదు.

డైరెక్టరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "పిల్ల డోసు పిల్లిలాంటిదమ్మా, ఎవర్నీ ఏమీ అనదు!" అన్నారు. ఎలుకల మీద పనిచేసేవాళ్ళ ముందు ఆ మాట ఎలా వినబడుతుందో ఆయన ఆలోచించలేదు. మార్చి 9న కమిటీ. వాళ్ళు సరేనంటే పదహారు నుంచి మనుషులకి.

మార్చి 1

ఆదివారం. బల్ల మీద పట్టికలు పరిచి ఉంచాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని తనే చదవడం మొదలుపెట్టింది. ఆవిడకి అంకెలు కనిపిస్తే వదలదు, సబ్బు పెట్టె మీద ఉన్నవైనా సరే.

"ఈ మొదటి వారం అంకెలు కుదురుగా కూర్చున్నాయి. తర్వాతవి తాగొచ్చినట్టున్నాయేంటే?"

"మందు మొదలుపెట్టాం కదండీ."

"అది సరే. మందు వెయ్యని ఇరవై కూడా మెల్లగా తిరుగుతున్నాయిగా. వాటికేమొచ్చింది?"

వయసు పెరిగింది అన్నాను. "నెలన్నరకా?" అంది. విసుగొచ్చి ఉంటుందన్నాను. "ఎలుకలకా?" అంది.

రెండు గుంపులూ సమానంగా మెల్లబడ్డాయని నిన్ననే చూశాను. చూసి, తేడా లేదని రాశాను. రాసింది తప్పు కాదు కూడా.

ఆవిడ లేచి వెళ్ళి తన పాత చెక్క స్కేలు తెచ్చింది. పిల్లలు తరగతిలో కునికిపాట్లు పడితే ఆవిడ ఆడించే ఆటట. స్కేలుని నిలువుగా పట్టుకుంటారు, కింద మనం వేళ్ళు తెరిచి ఉంచాలి, చెప్పకుండా వదిలేస్తారు, పట్టుకోవాలి. ఎంత కిందకి జారాక పట్టుకుంటే అంత మొద్దు. ముందు ఆవిడ పట్టుకుంది. పంతొమ్మిది సెంటీమీటర్లు. తర్వాత నేను. స్కేలు నా వేళ్ళ మధ్య నుంచి మర్యాదగా కిందకి వెళ్ళి బల్లకి తగిలింది. మళ్ళీ. ఇరవై ఎనిమిది. మళ్ళీ. నేల మీద పడింది.

"తిండి సరిగ్గా తినడం లేదు నువ్వు" అంది అత్తయ్య. ఆవిడకి డెబ్భై ఒకటి. నాకు నలభై ఆరు.

మార్చి 2

స్కేలు సరైన పరికరం కాదు. చెక్క నునుపెక్కింది.

మార్చి 4

గేటు దగ్గర బాబాయి తగిలాడు. నెల నుంచి నాతో ముక్తసరిగా ఉన్నాడు. చేతిలో ఎలుకల మేత సంచి.

"అమ్మా, ఒక మాట. గుడ్డి పద్ధతి అయిపోయిందిగా, ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పు బాబాయ్."

"మీరు మందు గుంపే."

కోపం రావాలి, రాలేదు.

"మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. ఇంతకుముందు రెండేసి దిగేవారు. నెల నుంచి చూస్తున్నాను. కొలిచే గదిలోకి రావద్దన్నారు గానీ మెట్ల మీద చూడొద్దనలేదు కదమ్మా."

"ఎవరికైనా చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? ఎలుకల గురించైతే చెప్పేవాణ్ణి."

ఇదే మాట ఇంకెవరన్నా అని ఉంటే చెడామడా తిట్టేదాన్ని. ముప్ఫై ఏళ్ళు తోకలు చూసిన మనిషిని ఏం తిట్టను? ల్యాబులోకి వెళ్ళి తలుపేసుకుని, ఒక ఎలుకని పదేపదే వెల్లకిలా వేసి, స్టాప్‌వాచీ నొక్కి చూసుకున్నాను. ఎలుక తిరిగింది ఒక క్షణం, నా వేలు నొక్కింది ఇంకో క్షణం. ఆ మధ్య సందులో రెండు గుంపుల తేడా అంతా కొట్టుకుపోయింది. ఏమీ లేదని నేను రాసిన చోట ఏముందో నాకే తెలియదు.

మార్చి 5

చెప్పక్కర్లేదు. కమిటీ వాళ్ళకి స్కేలు ఆట ఎలాగూ తెలీదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య పెద్ద అట్టముక్క మీద తొంభై గళ్ళు గీసింది. మాత్ర వేసుకున్న రోజల్లా ఒక గడిలో టిక్కు పెడుతుందట. స్కేలుతో గీసింది, ఒక్క గీతా వంకర పోలేదు.

స్నానాల గది గుమ్మం దగ్గర గట్టు ఉంది. ఆవిడ రోజుకి పది సార్లు దాటుతుంది. ఇప్పటివరకు గోడ పట్టుకోకుండానే.

మార్చి 6

నిద్రమాత్ర పెద్దవాళ్ళకి ఇస్తే మొదట విరిగేది తుంటి ఎముక. ఈ వాక్యం నేనే రాశాను, మూడేళ్ళ కిందట, ఒక వ్యాసంలో. అది మామూలు డోసు గురించి. పిల్ల డోసు సంగతి తెలియదు. తెలియదు. తేల్చడానికే నాకు జీతమిస్తున్నారు.

ఇవాళ కూడా వేసుకున్నాను. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని నాకు తెలుసు. ఇది మాత్రం సాకు కాదు, నిజమే. ఈ మధ్య నేను రాసుకున్నవాటిల్లో నిజాలు ఏవో వేరుచేయడం కష్టంగా ఉంది.

మార్చి 9

చెప్పేశాను.

అయిదుగురు సభ్యులు, పొడుగాటి బల్ల, ఒక్కొక్కరి ముందూ నా పట్టిక. డైరెక్టరు గారు నన్ను పొగుడుతూ పరిచయం చేశారు. పద్దెనిమిదేళ్ళ అనుభవం, స్థిరమైన చేయి అన్నారు. స్థిరమైన చేయి అన్నప్పుడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాను, దించేశాను.

"సార్, పట్టికలో ఒక తప్పుంది. నలభై ఎలుకలని రాశాను. నలభై ఒకటి."

డైరెక్టరు గారు నవ్వారు. "పదిహేడో నంబరు బదులు వచ్చినదా? అది పరవాలేదమ్మా."

"అది కాదండీ. నేను. జనవరి పదిహేడు నుంచి ఇదే మాత్ర వేసుకుంటున్నాను. వాచీ నొక్కింది నలభై ఒకటోదే."

అయిదుగురూ నా పట్టికని మళ్ళీ మొదట్నుంచి తిరగేశారు. చివరికి ఒక సభ్యురాలు అడిగింది, ఎంత మోతాదు అని.

"పిల్ల డోసేనండీ."

"అయితే పిల్ల డోసు వల్ల తేడా ఉన్నట్టేగా?"

"ఒక్క ప్రాణిని చూసి చెప్పలేమండీ" అన్నాను. నోటికొచ్చేసింది. ఎవరూ నవ్వలేదు.

ఫలితాలు కొట్టేశారు. మనుషుల మీద ప్రయోగం ఆపేశారు. విచారణ అయ్యేదాకా నేను కొలవకూడదు. యంత్రం బాగుచేయించడానికి మాత్రం పావుగంటలో అనుమతి దొరికింది. నలభై ఎలుకలూ ఉత్తపుణ్యానికి చచ్చిపోతాయి. వాటి బతుకుల మీద నేను చుట్టిన సున్నా అది. బాబాయి నన్ను చూసి, పంజరాలు కడుగుతూనే పక్కకి జరిగి నాకు దారిచ్చాడు.

ఇక ఇల్లు. ఆఫీసు కంటే అదే కష్టమనిపించింది. అత్తయ్య కుర్చీలో కూర్చుని దినపత్రికలో పదకేళి నింపుతోంది.

"మీకు ఆ మాత్ర ఇవ్వరండీ. ఆపేశారు."

"పదహారు నుంచి అన్నారుగా?"

"నా వల్లే ఆగిపోయింది. ఆ మాత్ర నేనే వేసుకుంటున్నాను, ఏడు వారాలుగా. నా లెక్కలన్నీ తప్పు. మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. మీ ఎముకల మీదకి తెచ్చేదాన్ని."

పెన్ను మూత పెట్టింది. తిడుతుందనుకున్నాను. లెక్క తప్పు చేసినవాళ్ళని ఆవిడ క్షమించగా నేను చూడలేదు.

"ఎక్కడ పెట్టావ్ ఆ మాత్రలు?"

"నిఘంటువు వెనక."

"ఇంట్లో మందు ఉంచుకుని నన్ను ఆరు సంతకాలు పెట్టనిచ్చావా? రెండు గొట్టాల రక్తం తీశారే నా దగ్గర!"

నాకు అర్థం కాలేదు.

"నీ పేరు కోసం వెళ్ళాననుకున్నావా? అది నిద్రమాత్ర అని ప్రకటనలోనే ఉంది. నాకు నిద్ర లేదమ్మాయ్. వాడు వెళ్ళిన రోజు నుంచి లేదు. డాక్టర్ని అడగాలంటే సిగ్గు. ఎందుకు నిద్ర పట్టట్లేదమ్మా అంటే ఏం చెప్పను, నా కొడుకు ఇలాంటివాడనా?"

"మీరు పదింటికల్లా పడుకుంటారుగా?"

"పడుకోవడానికేం, పడుకుంటాను. వాణ్ణి కన్నది నేను. నీ ఎదురుగా కూర్చోడానికి మొహం చెల్లక తలుపేసుకుంటాను. పక్కగదిలో నువ్వు నిద్రపోతున్నావు కదా అని కదలకుండా పడి ఉంటాను. దగ్గొస్తే దిండులో దగ్గుతాను."

మొదటి రెండు నెలలూ నేనూ అదే చేశాను. గోడకి ఇటు నేను, అటు ఆవిడ, ఇద్దరం చప్పుడు చేయకుండా. ఆ మాట చెప్పబోయి ఏడ్చాను. ఇన్ని నెలల్లో రానిది ఇవాళ వచ్చింది. ఆవిడ లేచి వచ్చి నా తల తన పొట్టకి ఆనించుకుంది. ఆవిడా ఏడ్చింది. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని అడిగింది.

"పోనీ, ఒక ముక్క ఇస్తావా?"

"ఇవ్వను."

"చిన్న ముక్కే."

"ఇవ్వనత్తయ్యా."

"పిసినారిదానా" అంది.

మార్చి 23

మా సంస్థ డాక్టరు గారు మాత్రని పావు వంతు తగ్గించారు. నెమ్మదిగా, వారాల తరబడి తగ్గించాలి. చేతులు వణుకుతున్నాయి. గేటు చప్పుడుకి ఉలిక్కిపడుతున్నాను. అత్తయ్యని కూడా ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మాత్ర రాయలేదు. సాయంత్రాలు నడవమన్నారు, తలుపు తీసి పడుకోమన్నారు. దీనికి డాక్టరు చదువు ఎందుకు అంది అత్తయ్య, ఆయన ముందే.

ఇప్పుడు రెండు గదుల తలుపులూ తీసే ఉంటున్నాయి. దగ్గితే వినబడుతుంది. "ఏంటీ, మేలుకునే ఉన్నావా?" అని అటునుంచి. "ఆఁ" అని ఇటునుంచి. కొడుకుని తిట్టడం కూడా మొదలుపెట్టింది. నేను వద్దనడం లేదు.

ఏప్రిల్ 6

విచారణ కాగితం వచ్చింది. ఆర్నెల్లు కొలిచే పని లేదు. కొత్తవాళ్ళకి కొలవడం నేర్పాలట. బాబాయిని కూడా పక్కన కూర్చోబెట్టమని నేనే అడిగాను.

మాత్ర సగానికొచ్చింది. నిద్ర మాత్రం వచ్చి వచ్చి పోతోంది.

ఏప్రిల్ 19

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. అలవాటుగా "అత్తయ్యా" అన్నాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పలకలేదు. లేచి గోడ పట్టుకోకుండా పరుగెత్తాను. గుమ్మంలో నిలబడి చూస్తే వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, గురక. మామూలు గురక కాదు, కిటికీ అద్దం అదిరే గురక. స్టాప్‌వాచీ లేకపోయింది గానీ, తెల్లారేదాకా అక్కడే నేల మీద కూర్చుని విన్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇప్పుడు ఏడున్నర. ఆవిడ వంటింట్లోకొచ్చి కుర్చీలో కూలబడి, "రాత్రంతా ఒక్క క్షణం కన్ను మూయలేదే అమ్మాయ్" అంది.

"అయ్యో" అన్నాను. టీ ఇచ్చాను.